శనివారం తెరిచిన గుంట

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు. చదువంటే అంతే. ఇదంతా నేను చెప్తుంటే మా అమ్మాయి గ్రేసు రాస్తోంది. అది బళ్ళో టీచరు. మధ్యమధ్యలో ఆగి, ఈ మాట ఇలా అంటే బాగుంటుందేమో అమ్మా అంటుంది. బాగుండక్కర్లేదు, నేనెలా అంటే అలా రాయమన్నాను. గొంతు కూడా బాగుండదు నాది. పాతికేళ్ళ పైన బొగ్గు గుంటల దగ్గర నిలబడ్డ గొంతు. ఫోనెత్తి హలో అంటే, "ఏమండీ, దీనమ్మగారికి ఒకసారి ఇస్తారాండి?" అని నన్నే అడుగుతారు.

మా పేటలో ఆడవాళ్ళ సంఘం వాళ్ళు ఈమధ్య కొబ్బరి చిప్పల బొగ్గు పని మొదలుపెట్టేరు. ఇనప డ్రమ్ములు తెచ్చేరు, షెడ్డు వేసేరు. పన్లో చేరే పిల్లలకి నాలుగు మాటలు చెప్పు దీనమ్మత్తా అని వచ్చి కూర్చున్నారు. ఆయ్, చెప్తానన్నాను. అయితే కూలి ఎంత వచ్చేది, నన్ను మేస్త్రీని ఎప్పుడు చేసేరు, ఆ గొడవంతా చెప్పను. మా ఆయన కొబ్బరి దింపు తీసేవారు. చెట్టు మీంచి పడి పోయేరు. గ్రేసుకప్పుడు నాలుగేళ్ళు. అది కూడా ఇక్కడ చెప్పను. అందుకే నేను బొగ్గు పన్లోకొచ్చేనని తెలిస్తే చాలు. చెప్పేదల్లా పొగ గురించి, నిప్పు గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి.

పొగ చూడ్డం

మామిడికుదురు దాటేక కాలవ గట్టు పక్కన రాజుగారి కళ్ళం ఉండేది. రాజుగారంటే చాలు, పేరెందుకు. కురిడీలు, అంటే ఎండు కొబ్బరికాయలు, కొట్టే కొట్లనించి కొబ్బరి చిప్పలు ట్రాక్టర్ల మీద వచ్చి అక్కడ గుట్టలు పడేవి. ఆరు గుంటలు. మనిషి లోతు, లోపల ఇటుక కట్టుబడి.

గుంట అడుగున నాలుగు ఎండు కొబ్బరి డొక్కలు వేసి అంటిస్తాం. మంట అందుకున్నాక చిప్పలు ఒక వరస పోస్తాం. అవి ఎర్రబడుతున్నాయనగా పైన ఇంకో వరస. అలా పోసుకుంటూ నోటిదాకా వస్తాం. మొదట తెల్లటి పొగ వస్తుంది, గంజి వార్చినప్పటి ఆవిరిలాగ. అది చిప్పలో తడి. తర్వాత పసుప్పచ్చగా, చిక్కగా, కళ్ళల్లో కారం కొట్టినట్టు వస్తుంది. అది చిప్పలో ఉన్న జిడ్డు, తారు. ఆ పొగ తగ్గి, పల్చబడి, నీలంగా మారి, గుంటకి అవతల నిలబడ్డ మనిషి మొహం వణుకుతున్నట్టు కనబడుతుంది. అప్పుడు మూసెయ్యాలి. ఇనప రేకు వేసి, రేకు అంచు చుట్టూ తడిమట్టి మెత్తాలి. వేలు దూరేంత సందు కూడా ఉండకూడదు. ముందు మూసేరా, పచ్చి బొగ్గు. ఆలస్యం చేసేరా, బూడిద. వేళకి మూస్తే గాలి లేక నిప్పు చచ్చిపోతుంది, చిప్ప మాత్రం మిగులుతుంది. పనంతా అదే.

ఇది నాకు రాజుగారు నేర్పలేదు. నాకంటే ముందు నించి ఉన్న ఆడవాళ్ళు నేర్పేరు. రాజుగారు తెల్లపంచె కట్టుకుని, గాలి ఎటు వీస్తే దానికి ఎదురు పక్కన కుర్చీ వేయించుకునేవారు. "అయిందా?" అని అడిగేవారు. మంచివారే. కానీ పొగలోకి రాని మనిషికి ఈ పని గురించి ఎంత తెలుస్తుంది? అయిందా అంటే అయిందండి అనడం మాకూ అలవాటైపోయింది. ఇప్పుడు మీ సంఘం ప్రెసిడెంటు గారు కూడా ఆఫీసు గదిలోంచి అడుగుతున్నారని విన్నాను. ఆవిణ్ణి డ్రమ్ముల దాకా రమ్మనండి. కోపం వస్తే రానియ్యండి.

ఇంకోటి. తెరిచిన గుంటలోకి వెంటనే దిగకండి, తొంగి కూడా చూడకండి. పొగ కనబడకపోయినా అక్కడి గాలి మంచిది కాదు. నేనొకసారి వంగి చూసి, తల తిరిగి, గట్టు మీదే కూలబడ్డాను. పక్కన మనుషులు ఉండి వెనక్కి లాగేరు కాబట్టి ఇవాళ చెప్తున్నాను. ఒక్కరే ఉండి ఎప్పుడూ రేకు ఎత్తకండి.

ఆచారిగారి కొలిమి

కొత్తపేటలో ఒక ఆచారిగారు ఉండేవారు. కమ్మరం. కొబ్బరికాయ ఒలిచే గునపాలు, దింపు కత్తులు చేసేవారు. ఆయన చేసిన కత్తి అంటే మా పక్క వాళ్ళు అరువు కూడా ఇచ్చేవారు కాదు. నెలకోసారి మా బొగ్గు రెండు బస్తాలు తీసుకునేవారు.

నేను చేరిన రెండో ఏడు అనుకుంటాను, ఆయన కబురంపేరు, బొగ్గు చేసిన మనిషి ఎవరో ఒకసారి రావాలని. వెళ్ళేను. తిడతారనుకున్నాను. ఆయన మా బస్తాలోంచి ఒక దోసెడు తీసి కొలిమిలో వేసి గాలి కొట్టేరు. గుప్పున పచ్చటి పొగ లేచింది. ఆయన దగ్గేరు, నేను దగ్గేను, లోపల్నించి వాళ్ళావిడ కూడా దగ్గేరు.

"దీనమ్మగారూ, ఈ పొగ మీ గుంటలో పోవాల్సిందండి. మా ఇంటికి పంపేరేంటండీ?" అన్నారు.

నాకు సిగ్గేసింది. తొందరపడి ముందే మూసేను, అందుకని చిప్పలో తారు మిగిలిపోయింది. అప్పుడాయన మూలనించి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టేరు. బూడిద రంగు, గుల్లగుల్లగా ఉంది, చూస్తే రాయి, పట్టుకుంటే రాయంత బరువు లేదు. ఇదేంటో చెప్పండన్నారు. రాయన్నాను. కాదండి, ఇది కూడా మీలాంటి పనివాళ్ళు చేసిందే, కోకు అన్నారు.

ఆయన కుర్రతనంలో ఝరియా వైపు వెళ్ళి నాలుగేళ్ళు కోకు బట్టీల్లో పని చేసేరట. అక్కడ భూమిలోంచి రాక్షసి బొగ్గు తవ్వుతారు. దాన్ని తిన్నగా కొలిమిలో వేస్తే ఒకటే పొగ, మసి, గంధకం కంపు. ఆ గంధకం ఇనుములోకి దిగితే ఇనుము పెళుసుబారిపోతుందట. అందుకని ముందు దాన్ని కాల్చకుండా వండాలి అన్నారు. వండడమే అన్నారు ఆయన. ఇటుకలతో గుమ్మటం లాంటి బట్టీ కడతారు. నడినెత్తిన ఒక కన్నం. ఆ కన్నంలోంచి బొగ్గు పోసి, కింద తలుపు ఇటుకలతో, మట్టితో మూసేసి, ఊపిరాడేంత సందు మాత్రం ఉంచుతారు. లోపల వేడికి బొగ్గు మెత్తబడి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతుంది. అందులో తడి, తారు, గ్యాసు అంతా పొగై, మంటై పైకి పోతుంది. రెండు మూడు రోజులకి ముద్ద గట్టిపడి పగుళ్ళిస్తుంది. మంట తేటబడిందంటే అయిపోయినట్టు. తలుపు పగలగొట్టి, నీళ్ళు కొట్టి, పొడుగు కడ్డీలతో బైటికి లాగుతారు. అదీ కోకు. పెద్ద ఫ్యాక్టరీల్లో అయితే ఆ పోయే గ్యాసూ తారూ కూడా పట్టుకుని వాడుకుంటారట, వదలరట.

కోకు అంటుకోవడం కష్టం. అంటుకుందా, పొగ లేదు, పెద్ద మంట కూడా కనబడదు, ఇనుము తెల్లగా మండే వేడి. ఉక్కు ఫ్యాక్టరీల్లో ఇనపరాయి కరిగించడానికి కొండలకి కొండలు పోస్తారట. ఊరికే మండితే చాలదు, మీద పడ్డ ఇనపరాయి బరువంతా నలగకుండా మొయ్యాలి, అందుకే అంత గట్టిగా ఉండాలి అన్నారు. ఆచారిగారు లావు పనికి కోకు వాడేవారు. కత్తికి పదునెక్కించే సన్నపనికి మాత్రం మా చిప్ప బొగ్గే కావాలి.

ఆయన రెండు కోకు ముక్కలు ఒకదాని మీద ఒకటి కొట్టేరు. ఖంగుమంది. "మీ చిప్ప కూడా ఇలా మోగాలండి. మోగితే పంపండి, మోగకపోతే మళ్ళీ గుంటలో వెయ్యండి." ఆ తర్వాత నేను ఎప్పుడూ పచ్చి బొగ్గు పంపలేదు. విరిస్తే అంచు నల్లగా అద్దంలా మెరవాలి, చెయ్యి పెద్దగా నల్లబడకూడదు. ఒక పూట కొలిమి దగ్గర కూర్చుంటే ఇంత తెలిసింది. మీరు కూడా మీ బొగ్గు ఎవరు వాడుతున్నారో ఒకసారి వెళ్ళి చూడండి. వాళ్ళ దగ్గు వినండి.

కోత పండుగ ముందు రోజు

ఇప్పుడు నా తప్పు.

మూసిన గుంట రెండు రాత్రులు దాటాలి. తెరిచేక బొగ్గు నీడన పరిచి ఇంకో రోజు ఉంచాలి. అప్పుడు బస్తా. ఇది ఎక్కడా రాసి లేదు గాని అందరికీ తెలుసు. ఆదివారం మేం పని చెయ్యం, కళ్ళంలో ఆడవాళ్ళమంతా చర్చికి వెళ్ళేవాళ్ళమే. అందుకని శుక్రవారం మూసిన గుంట సోమవారం తెరవాలి, మంగళవారం ఎత్తాలి. మేం ఏం చేసేవాళ్ళమంటే, శనివారమే తెరిచేసేవాళ్ళం. తెరిచి, నీళ్ళు చల్లి, బస్తాలు కుట్టేసి, చేతులు కడుక్కుని ఇంటికి పోతే ఆదివారం ప్రార్థనలో మనసు గుంట మీదకి పోదు. సోమవారం పొద్దున్నే ఖాళీ గుంట కొత్త చిప్పలకి సిద్ధంగా ఉంటుంది. చాలాసార్లు చేసేం. ఏం కాలేదు. ఏం కాలేదు కాబట్టే మళ్ళీ చేసేం.

ఆ వారం మా చర్చిలో కోత పండుగ. ఏటా ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు, ఆరాధనయ్యాక వేలం పాడతారు. కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు. ఆ ఏడు పండుగ వంట మా వీధి వంతు. శుక్రవారం మధ్యాన్నం రెండు గుంటలు మూసేం. సాయంత్రం రాజుగారు కబురంపేరు, ఆదివారం పొద్దున్నే వ్యాను రాజమండ్రి వెళ్ళాలి, శనివారం సాయంత్రానికి సరుకు ఎక్కించి ఉండాలి అని. చల్లారదండి అని నేను కబురంపొచ్చు. పంపలేదు. మేస్త్రీని నేనే అప్పటికి.

శనివారం పదకొండింటికి రేకులెత్తించేను. మొహానికి వేడి కొట్టింది. నీళ్ళు చల్లించేను. ఆవిరి లేచింది, కాసేపటికి ఆగింది. బస్తాల్లోకి ఎత్తించి, బస్తా పక్కన చెయ్యి ఆనించి చూసేను. చల్లగా ఉంది. చల్లగా ఉండదా మరి, తడి గోనె. అది నాకు ఆ నిమిషంలో కూడా తెలుసు. తెలిసే, అయిందన్నాను. ఇంటికెళ్ళి పండుగ కోసం తట్టెడు ఉల్లిపాయలు ఒలిచేను.

బీడీ

వ్యాను తోలేది నరసన్న. అంతర్వేది పక్క వాళ్ళు, తాతల నాటి నించి పడవల మీద బతికిన కుటుంబం. వేట సాగక ఇతను వ్యాను పట్టేడు. నన్ను అక్కగారూ అనేవాడు. చెయ్యి ఖాళీగా ఉంటే బీడీ ఉండేది. వ్యాను కంటే ఇతనే ఎక్కువ పొగొదులుతాడని మేం ఏడిపించేవాళ్ళం.

ఆదివారం వేలం నడుస్తోంది. మా పెరట్లో కాసిన గుమ్మడికాయ మీద ఇద్దరు మాస్టార్లు పంతం పడి పెంచుతున్నారు, అందరూ నవ్వుతున్నారు. ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి, రాజుగారి బొగ్గు వ్యాను రావులపాలెం దగ్గర తగలబడుతోందంట అన్నాడు.

నరసన్న ఎలా ఉన్నాడని అడిగేను. బానే ఉన్నాడంట అన్నాడు. అద్దంలో పొగ చూసి బండి పక్కకాపి, మండుతున్న బస్తాలు కాలవలోకి లాగేసేడంట. చేతి వెంట్రుకలు కాలేయి, టార్పాలిను పోయింది, బండి వెనక చెక్కంతా పోయింది. మనిషికేం లేదు. ప్రభువా అని అక్కడే నేల మీద కూర్చున్నాను.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. నరసన్న బీడీ. ఎవరూ అడగను కూడా అడగలేదు. నేను పారెయ్యలేదండి అని అతనంటే, నువ్వు బీడీ లేకుండా బండెక్కిన రోజుందా అని రాజుగారు తాళాలు తీసేసుకున్నారు. ఇంక రావద్దన్నారు.

ఇక్కడ గ్రేసు రాయడం ఆపింది. రాయమ్మా. బీడీ అన్న మాట విన్నప్పుడు నాకు తేలికయింది. గుండెల మీద బండ ఎవరో ఎత్తేసినట్టయింది. నా పని ఉంటుంది, గ్రేసు చదువు ఆగదు, అనుకున్నాను. ఆ రాత్రి అన్నం కూడా తిన్నాను. మర్నాటి నించి తినలేకపోయేను.

చిప్పలో చిప్ప

పూర్తిగా కాలని బస్తాలు కొన్ని కాలవలోంచి తీసి కళ్ళంలో ఒక మూల పడేసేరు. రెండు వారాలు ఎవరూ వాటి జోలికి పోలేదు. వ్యాను రిపేరులో ఉంది కదా, ఆచారిగారే తన బొగ్గు కోసం ఆటోలో వచ్చేరు. నేను బస్తా తీయించే లోపల ఆయన ఆ మూల గొంతుక్కూర్చుని చిప్పలు కెలుకుతున్నారు.

ఒక చిప్ప తీసేరు. పైకి నల్లగా, నిండుగా ఉంది. గోటితో ఊడదీసేరు. లోపల ఇంకో చిప్ప, గిన్నెలో గిన్నెలాగ కూర్చుంది. ఆ రెండింటి మధ్యా తెల్లటి బూడిద. ఇంకోటి తీసేరు. అందులోనూ అంతే.

"బీడీ పైన పడుతుందండి. పైనించి కిందకి కాలుతుంది," అన్నారు నా వైపు చూడకుండా. "ఇది బస్తా నడిమధ్యన మొదలయింది. మీద పోసిన నీళ్ళు ఈ చిప్పల సందులోకి దిగలేదు. బండి కదిలి, గాలి తగిలి, మళ్ళీ రాజుకుంది."

ఆయనే చెప్పేరు. ఝరియాలో కోకు మీద ఎంత నీరు కొట్టినా పెద్ద ముద్దల కడుపులో ఎర్రగానే ఉండేదట. ఒకసారి తొందరపడి ఎద్దుల బండికెత్తేరు. దారిలో బండి అంటుకుంది. చుట్ట కాల్చేడని బండివాణ్ణి పట్టుకుని కొట్టేరు.

"కొట్టినవాళ్ళలో నేనున్నానండి. ఆ కోకు బండికెత్తింది కూడా నేనే," అన్నారు. "ఆ మనిషి ఏ ఊరివాడో కూడా నాకు తెలీదు ఇవాళ్టికి."

చేతులు దులుపుకుని లేచేరు. నా బస్తా ఏదండీ అన్నారు. ఇచ్చేను. ఆటో ఎక్కి వెళ్ళిపోయేరు. రాజుగారు అక్కడే కుర్చీలో ఉన్నారు, ఆచారిగారు ఆయనతో ఒక్క ముక్క కూడా అనలేదు. నాకు వదిలేసేరు.

రాజుగారు

మర్నాడు పొద్దున్న రాజుగారు కుర్చీలో కూర్చోగానే వెళ్ళి నిలబడ్డాను. అయిందా అన్నారు.

"ఆ బొగ్గు బీడీకి కాలలేదండి. శుక్రవారం మూసిన గుంటలు నేను శనివారం తెరిపించేనండి."

"చల్లారలేదా?"

"పైకి చల్లారిందండి."

"తెలిసే ఎక్కించేవా?"

"తెలుసండి."

గాలి తిరిగింది, పొగ ఆయన మీదకే వస్తోంది, ఆయన కుర్చీ జరపమనలేదు. నేను మనసులో నా పని అయిపోయిందనుకున్నాను. ఎవరింట్లో గిన్నెలు తోముదామా అని లెక్కేసుకుంటున్నాను.

"శనివారం సాయంత్రానికి సరుకు కావాలన్నదెవరు?" అన్నారు.

"మీరేనండి."

"మరది చెప్పవేం?"

"మీరడగలేదండి."

ఆయన దగ్గేరు. పొగకో, నవ్వుకో నాకు తెలీదు. తర్వాత అన్న మాట ఇది: "నరసన్నని నేను పిలిస్తే పని కోసం వస్తాడు. వాడి మాట పోయింది. అది నేను తెచ్చివ్వలేను. నువ్వెళ్ళు."

నా పని సంగతేంటండీ అని అడిగేను, సిగ్గు విడిచి. రేపు ఆరింటికి రా, గుంట ఎప్పుడు తెరవాలో ఇకనించి నన్నడక్కు, నేను తొందరపెట్టినా తెరవకు అన్నారు. ఆయన మీద నాకు చాలా కోపాలున్నాయి, ఒకటి ఇందాక చెప్పేను. ఆ రోజు మాత్రం పెద్దమనిషిలా నడుచుకున్నారు. అదీ రాయమన్నాను గ్రేసుని.

చెరువు గట్టు

నరసన్న దిండి పక్కన ఎవరివో రొయ్యల చెరువులకి కాపలా ఉంటున్నాడని తెలిసింది. ఆ పక్క మాకు తెలిసినవాళ్ళు లేరు. ఆటో దిగి, అడుక్కుంటూ, గట్టు వెంట ఎండలో నడిచి వెళ్ళేను. కొంగులో ఆ జంట చిప్ప ఒకటి కట్టుకున్నాను.

పాక ముందు వాళ్ళావిడ సీతమ్మ చేపలు తోముతోంది. నన్ను చూసి లేవలేదు.

"రండి అక్కగారూ, రండి. బీడీల నరసన్న ఇల్లు ఇదేనండి. దార్లో ఎవర్నడిగినా చెప్పి ఉంటారు, అంత పేరొచ్చింది మాకు."

ఆయ్, చెప్పేరమ్మా అన్నాను.

నరసన్న చెరువు మీంచి వచ్చేడు. కూర్చోమన్నాడు, నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేను మొత్తం. శుక్రవారం, శనివారం, నీళ్ళు, తడిగోనె, అన్నీ. చిప్ప విప్పి చూపించేను. రాజుగారికి చెప్పేనని కూడా చెప్పేను. అతను ఆ చిప్ప చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

"నిజం చెప్పండి అక్కగారూ. నన్ను చూసి జాలిపడి అంటున్నారా?"

"కాదు తమ్ముడూ."

"వంతెన దిగేక ఒకటి కాల్చేనండి. బైటికే పారేసేనని గుర్తు. కానీ పదిమందీ అనేసరికి, గాలికి వెనక పడిందేమోనని నాకే అనుమానం వచ్చేసిందండి. రోజూ అదే ఆలోచన. నేనే కాల్చేనేమో, ఎదర ఏ పెళ్ళి బస్సో ఉండుంటే ఏమయ్యేదో అని." ఆగేడు. "బీడీ మానేసేనండి."

నాకు ఏడుపొచ్చింది గాని ఏడవలేదు. ఏడిస్తే అతనే నన్ను ఓదార్చాలి, అది బాగోదు. పని పోవడం ఒక్కటే అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ. తను చెయ్యని పని తనే చేసేననుకుంటూ ఆ మనిషి ఎండలో గట్టు మీద తిరుగుతున్నాడని నాకు తట్టనే లేదు.

సీతమ్మ చేతులు కడుక్కుని వచ్చి చిప్ప చూసింది. "పెళ్ళైన కాడ్నించి నేను మాన్పించలేకపోయేనండి. మీకు దండం పెట్టాలో, తిట్టాలో తెలీడం లేదు," అంది.

రెండూ చెయ్యమ్మా అన్నాను. ముందు తిట్టింది. బాగా తిట్టింది. తర్వాత మంచినీళ్ళిచ్చింది.

సోమవారం నించి వ్యాను తోలడానికి వస్తానన్నాడు నరసన్న. ముందు రాజుగారు మామిడికుదురు సెంటర్లో పదిమంది ముందూ ఆ మాట చెప్పాలన్నాడు. చెప్పిస్తానన్నాను. చెప్పించేను. గట్టు మీద తిరిగొస్తుంటే నాకు ఆకలేసింది. రోడ్డెక్కి ఒక పాకలో నాలుగు ఇడ్లీలు తిన్నాను. మళ్ళీ రెండు పెట్టించుకున్నాను. ఆ రెండు వారాల్లో రుచి తెలిసిన తిండి అదే.

డ్రమ్ముల వాళ్ళకి

తర్వాత కళ్ళంలో గురువారం దాటేక గుంట మూస్తే, సోమవారం దాకా ఎవరూ రేకు ముట్టుకునేవారు కాదు. చిప్పలు పోసేటప్పుడే ఒకదాంట్లో ఒకటి కూర్చోకుండా విడదీసేవాళ్ళం. తెరిచేక పరిచి, జంటలు కనబడితే కర్రతో విడగొట్టేవాళ్ళం. బస్తా ఎత్తే ముందు లోపలికి మోచేతి దాకా చెయ్యి. పైన తడిమితే లాభం లేదు.

మీ డ్రమ్ములు గుంట కంటే తొందరగా చల్లారతాయని సంఘంలో అన్నారు. పై ఇనుము చల్లారుతుంది తల్లుల్లారా. మధ్యలో సంగతి ఇనుము చెప్పదు. ఎవరైనా పెద్దవాళ్ళు ఫోను చేసి సరుకు ఇవాళే కావాలంటే, వచ్చి చూసుకోండి అని వాళ్ళనే పిలిచి బస్తాలో చెయ్యి పెట్టించండి. తప్పు జరిగితే ఆ రోజే చెప్పెయ్యండి. నేను రెండు వారాలు దాచేను, అవి నావి కావు, ఇంకొకరి రోజులు. మీకు పని పోతుందని భయం వేస్తుంది. నాకూ వేసింది. పోలేదు. పోయినా ఏదో చేసుకునేదాన్ని, ఇప్పుడు తెలుస్తోంది.

నరసన్న వచ్చేడు సోమవారం. నాతో మామూలుగానే మాట్లాడేవాడు. కానీ ఎక్కించే ప్రతి బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసుకునేవాడు. నేను ముందే చూసినా సరే, మళ్ళీ చూసేవాడు. మిగతా ఆడవాళ్ళు గొణుగుతుంటే ఊరుకోమన్నాను. ఒక వానాకాలం దాటింది, వేసవి దాటింది, అలాగే చూసేడు.

మళ్ళీ వానలు పట్టేక ఒక రోజు, బస్తా మూతి విప్పకుండానే భుజానికెత్తుకుని బండి వైపు నడిచేడు.

నరసన్నా, చెయ్యి పెట్టలేదేం అన్నాను.

"మీరు చూసేరు కదండీ," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

వెనక్కి పిలిచేను. చూసేనులే, అయినా పెట్టు అన్నాను. అతను బస్తా దింపి, మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టేడు.

"చల్లగా ఉందండి అక్కగారూ."

ఆయ్, ఇప్పుడు ఎక్కించు అన్నాను.